బ్రాడ్ స్ట్రీట్ మహారాణి

ఫిలడెల్ఫియా నగరం నడిబొడ్డున, బ్రాడ్ స్ట్రీట్, వాల్‌నట్ స్ట్రీట్ కలిసే మూలన ఉన్న బెల్‌వ్యూ స్ట్రాట్‌ఫర్డ్ హోటలు 1976 నవంబరు 18న మూతపడింది. మూసెయ్యమని ఏ ప్రభుత్వమూ ఉత్తర్వు ఇవ్వలేదు. ఏ కోర్టూ తీర్పు చెప్పలేదు. జనం రావడం మానేశారు, అంతే. నాలుగు నెలల ముందు ఆ హోటల్లో గడిపి ఇళ్ళకు వెళ్ళినవాళ్ళలో 29 మంది చనిపోయారు. ఎందుకు చనిపోయారో ఆ నవంబరు నాటికి ప్రపంచంలో ఒక్క మనిషికీ తెలియదు. సరిగ్గా రెండు నెలలకు, 1977 జనవరి 18న, అట్లాంటాలో ఉన్న అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ శాస్త్రవేత్తలు కారణం దొరికిందని ప్రకటించారు. అప్పటికి హోటల్లో దీపాలు లేవు, పనివాళ్ళు లేరు. శిక్ష ముందు పడింది, నేరస్థుడు తర్వాత దొరికాడు.

ఆ హోటలు కట్టించినవాడు జార్జ్ బోల్ట్. ప్రష్యాలో పుట్టి, కుర్రతనంలోనే అమెరికా చేరి, వంటింటి పనితో మొదలుపెట్టి, న్యూయార్కులోని వాల్డార్ఫ్ ఆస్టోరియాను నడిపేంతవాడయ్యాడు. ఫిలడెల్ఫియాలో బెల్‌వ్యూ అనే చిన్న హోటలుతో పేరు తెచ్చుకొని, ఆ పేరు మీదే ఈ పెద్ద హోటలు లేపాడు. పంతొమ్మిది అంతస్తులు, వెయ్యికి పైగా గదులు, ఎనభై లక్షల డాలర్లకు మించిన ఖర్చు. చలువరాతి మెట్లు దీర్ఘవృత్తంగా తిరుగుతూ పైకి లేస్తాయి. 1904 సెప్టెంబరులో తలుపులు తెరిచాడు. అదే ఏడాది జనవరిలో అతని భార్య లూయీజ్ చనిపోయింది. ఆవిడ కోసం సెయింట్ లారెన్స్ నదిలోని ఒక దీవి మీద కట్టిస్తున్న కోటను అంతటితో ఆపించేశాడు, మళ్ళీ ఆ దీవికి వెళ్ళలేదంటారు. ఒక కట్టడం సగంలో ఆగిన ఏడాదే మరొకటి దీపాలతో వెలిగిందన్నమాట.

డెబ్బై ఏళ్ళపాటు ఆ ఊరి గొప్పతనానికి ఆ హోటలే చిరునామా. థియొడోర్ రూజ్‌వెల్ట్ మొదలుకొని ఎందరో అధ్యక్షులు అక్కడ దిగారు. పెద్దింటివాళ్ళ నాట్య విందులు, పెళ్ళిళ్ళు, రాజకీయ పార్టీల మంతనాలు అన్నీ ఆ గోడల మధ్యే. ఊరివాళ్ళు దాన్ని బ్రాడ్ స్ట్రీట్ మహారాణి అని పిలుచుకునేవారు. 1970ల నాటికి వన్నె కొంత తగ్గింది. పట్నంలోని డబ్బు శివార్లకు తరలిపోయింది, కొత్త హోటళ్ళు వచ్చాయి. అయినా సభంటే బెల్‌వ్యూ, పండగంటే బెల్‌వ్యూ.

1976 అమెరికాకు పండగ ఏడాది. స్వాతంత్ర్య ప్రకటనకు రెండు వందల ఏళ్ళు నిండాయి, ఆ ప్రకటన వెలువడిన ఊరు ఫిలడెల్ఫియా. జులై 4న అధ్యక్షుడు ఫోర్డ్ వచ్చాడు. రెండు రోజులకు ఇంగ్లండు రాణి వచ్చి ఒక గంటను కానుకగా ఇచ్చింది. ఆ ఉత్సాహంలోనే, జులై 21 నుంచి 24 వరకు, అమెరికన్ లీజియన్ పెన్సిల్వేనియా శాఖ వార్షిక సభ బెల్‌వ్యూలో జరిగింది. లీజియన్ అంటే మాజీ సైనికుల సంఘం. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1919లో పుట్టింది. ఆ ఏడు వచ్చినవాళ్ళలో ఎక్కువమంది రెండో యుద్ధం చూసినవాళ్ళు, యాభైలు అరవైలు పైబడ్డవాళ్ళు. రెండు వేల మందికి పైగా లీజియన్ సభ్యులు, వెంట భార్యలు, పిల్లలు. చిన్న చిన్న ఊళ్ళ నుంచి వచ్చారు. ఒకప్పుడు రైఫిలు మోసిన భుజాలకు సంఘం టోపీకి తగిన కోట్లు తొడుక్కుని, పాత స్నేహితుల్ని కౌగిలించుకుని, లాబీలో నిలబడి కబుర్లు చెప్పుకున్నారు. బయట ఎండ, లోపల చల్లటి గాలి. గదుల్లో మందు పోసుకున్నారు, పాటలు పాడుకున్నారు, తీర్మానాలు చేసుకున్నారు. శనివారం సామాను సర్దుకుని ఎవరి ఊరికి వాళ్ళు వెళ్ళిపోయారు.

జులై 27న అరవై ఒక్క ఏళ్ళ ఒక సభ్యుడు తన ఇంట్లో చనిపోయాడు. గుండెపోటు అనుకున్నారు. ఆ వయసులో గుండెపోటు వింతేమీ కాదు కదా. తర్వాతి రోజుల్లో మరొక ఊళ్ళో మరొకరు, ఇంకొక ఊళ్ళో ఇంకొకరు. తలనొప్పి, ఒళ్ళు నొప్పులు, ఒక్కసారిగా ఎగబాకే జ్వరం, దగ్గు, ఆ తర్వాత ఊపిరితిత్తులు నీళ్ళతో నిండిపోవడం. ప్రతి ఊళ్ళోనూ ఒక డాక్టరు తన ముందున్న ఒక్క రోగిని చూస్తున్నాడు. పదిమందినీ కలిపి చూసే కన్ను ఎక్కడా లేదు. బ్లూమ్స్‌బర్గ్‌లో ఒక డాక్టరుకు మాత్రం తన దగ్గరికొచ్చిన ముగ్గురూ ఒకే సభ నుంచి వచ్చారని తట్టింది. లీజియన్ కార్యాలయంలో ఫోన్లు మోగడం మొదలైంది. ఫలానా ఊళ్ళో అంత్యక్రియలు, ఫలానా ఊళ్ళో ఆసుపత్రి. ఆగస్టు 2 నాటికి సంగతి అట్లాంటాకు చేరింది. యుద్ధభూమి నుంచి ప్రాణాలతో తిరిగొచ్చి, ముప్పై ఏళ్ళు సంసారాలు చేసుకుని, హోటలు లాబీలో పీల్చిన గాలితో పోవడం! ఆ మరణాల్లో నన్ను అన్నింటికన్నా కలతపెట్టేది ఇదే. వాళ్ళు ఏ తప్పూ చెయ్యలేదు, ఏ ప్రమాదానికీ ఎదురెళ్ళలేదు.

దేశం అప్పటికే భయంతో ఉంది. ఆ ఏడాది మొదట్లో న్యూజెర్సీలోని ఫోర్ట్ డిక్స్ సైనిక శిబిరంలో స్వైన్ ఫ్లూతో ఒక సైనికుడు చనిపోయాడు. 1918 నాటి ఫ్లూ మహమ్మారి మళ్ళీ వస్తుందేమోనని మార్చిలో ఫోర్డ్ ప్రతి అమెరికన్‌కూ టీకా వేయిస్తానని ప్రకటించాడు. నష్టపరిహారం బాధ్యత ఎవరిదన్న పేచీతో ఆ పథకం కాంగ్రెసులో నిలిచిపోయి ఉంది. ఇంతలో ఫిలడెల్ఫియా చావులు. ఇదే ఆ ఫ్లూ అని అందరూ అనుకున్నారు. కాదని ప్రయోగశాలలు కొద్ది రోజుల్లోనే తేల్చాయి. తేల్చినా భయం తగ్గలేదు, ఆగస్టు 12న చట్టం మీద సంతకం పడింది. సరిగ్గా అదే వారాల్లో ఊళ్ళో క్యాథలిక్కుల అంతర్జాతీయ యూకరిస్టిక్ కాంగ్రెస్ జరిగింది. మదర్ థెరిసా కూడా వచ్చిన సభ అది. లక్షల మంది భక్తులు ఆ వీధుల్లో తిరుగుతుంటే, ఏ గాలిలో ఏముందో అధికారులకే తెలియదు.

డేవిడ్ ఫ్రేజర్ అనే యువ వైద్యుడి నాయకత్వంలో సీడీసీ బృందం దిగింది. ఎవరు ఏ గదిలో ఉన్నారు, ఏం తిన్నారు, మంచినీళ్ళు తాగారా, లాబీలో ఎంతసేపు నిలబడ్డారు అంటూ వేలమందిని అడిగారు. రోగుల ఇళ్ళల్లో భార్యాపిల్లలకు జబ్బు రాలేదు. అంటే ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదు. జబ్బుపడ్డవాళ్ళు లాబీలో ఎక్కువసేపు గడిపారు. అంతకన్నా వింత ఇంకొకటి ఉంది. హోటల్లో అడుగైనా పెట్టకుండా, దాని దగ్గర్లో తిరిగిన 39 మందికి ఇదే తరహా న్యుమోనియా వచ్చింది. హోటల్లో గడిపినవాళ్ళు 182 మంది, దారిన పోయినవాళ్ళు 39 మంది, మొత్తం 221. అందరిలో మరణించినవాళ్ళు 34 మంది. గాలిలోనే ఏదో ఉందని బృందం దాదాపు పట్టేసింది. ఆ ఏదో ఏమిటన్నదే తెలియలేదు.

తెలియని చోట పుకారు పుడుతుంది. నికెల్ విషమన్నారు. పురుగుమందన్నారు. పక్షుల నుంచి సోకే సిటకోసిస్ అన్నారు. సైనికుల మీద కక్షగట్టి ఎవరో విషవాయువు వదిలారన్నవాళ్ళూ ఉన్నారు. చనిపోయినవాళ్ళ శరీర భాగాల్లో నికెల్ ఎక్కువగా కనిపించిందన్న వార్త కొన్నాళ్ళు పత్రికల్ని ఊపేసింది. అది పరికరాల నుంచి అంటుకున్నదన్న వాదనతో తర్వాత వీగిపోయింది. నవంబరులో ప్రతినిధుల సభ ఉపసంఘం ముందు సీడీసీ మాటలు పడాల్సి వచ్చింది. క్రిముల వెంటపడి విషాన్ని వదిలేశారని నిందించారు.

ఈ గొడవంతా బెల్‌వ్యూ పేరు మీదే సాగింది. రాసిన ప్రతి వార్తలో ఆ ముఖద్వారం ఫొటో. ముందే మాట్లాడుకున్న సభలు రద్దయ్యాయి, విందులు రద్దయ్యాయి, గదులు ఖాళీ. అక్కడ రాత్రి పడుకోవడం అటుంచి, కొందరు ఆ పక్కగా నడవడానికే జంకారు. వడ్డించేవాళ్ళు, లిఫ్టు నడిపేవాళ్ళు, పక్కలు సర్దేవాళ్ళు ఎదురుచూస్తూ నిలబడ్డారు. తమాషా ఏమిటంటే, రోజంతా ఆ గాలే పీల్చిన ఆ పనివాళ్ళకు దాదాపు ఏమీ కాలేదు. జబ్బుపడింది ఏసీ మరమ్మతు చేసే ఒక్క మనిషి. మా ఒళ్ళే సాక్ష్యం, ఈ ఇంట్లో విషం లేదు అనుకుని ఉంటారు పాపం. వాళ్ళ రక్తంలో ఈ క్రిమిని ఎదుర్కొనే ప్రతిరక్షకాలు ముందే ఉన్నాయని తర్వాతి పరీక్షల్లో తెలిసింది. వాళ్ళు క్షేమంగా ఉండడమే, శత్రువు చాలాకాలంగా ఆ ఇంట్లో కాపురముందన్నదానికి గుర్తు. ఆ గుర్తును చదవగలిగినవాడు అప్పుడు లేడు.

నవంబరు 18 వచ్చింది. తర్వాత సామాను అమ్మకానికి పెట్టారు. వందలమంది ఉద్యోగాలు పోయాయి. ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలనిపిస్తుంది. చనిపోయిన 34 మందిని చరిత్ర లెక్కపెట్టుకుంది. ఆ చలిలో జీతం లేక ఇంటికి నడిచిన వడ్డన మనిషిని, గది పనిమనిషిని ఎవరూ లెక్కపెట్టలేదు. వాళ్ళ తర్వాతి బతుకులు ఏ నివేదికలోనూ లేవు.

అట్లాంటాలో జోసెఫ్ మెక్‌డేడ్ అనే శాస్త్రవేత్తకు మాత్రం మనసు నిలవడం లేదు. రికెట్సియా జాతి క్రిముల మీద పనిచేసేవాడు. వేసవిలోనే చనిపోయినవాళ్ళ ఊపిరితిత్తుల ముక్కల్ని గినీ పందులకు ఎక్కించి చూశాడు. వాటికి జ్వరం వచ్చింది. స్లైడు మీద అక్కడొకటి ఇక్కడొకటి సన్నటి కడ్డీల్లాంటి క్రిములు కనబడ్డాయి కూడా. బయటినుంచి పడ్డ మలినమేమో అనుకుని పక్కన పెట్టేశాడు. తర్వాతి మెట్టుగా ఆ పదార్థాన్ని పిండమున్న కోడిగుడ్లలోకి ఎక్కించాడు. వేరే బ్యాక్టీరియా ఏదీ అడ్డురాకుండా గుడ్లలో యాంటీబయాటిక్ మందులు కలపడం ఆ పనిలో రివాజు. గుడ్లలో ఏమీ పెరగలేదు. పెరగదు మరి! వెతుకుతున్న క్రిమిని ఆ మందులే చంపేశాయి.

డిసెంబరులో క్రిస్మస్ విందులో ఒక పెద్దమనిషి, మీ మీద నమ్మకం పెట్టుకున్నాం, మీరేం చేశారు అన్న ధోరణిలో మెక్‌డేడ్‌ను నిలదీశాడట. ఆ మాట గుచ్చుకుంది. క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ మధ్య, అందరూ సెలవుల్లో ఉన్న వారంలో, పాత స్లైడ్లు మళ్ళీ ముందేసుకున్నాడు. ఒక మూల ఆ కడ్డీలు గుంపుగా కనబడ్డాయి. ఈసారి మందులు కలపకుండా గుడ్లలోకి ఎక్కించాడు. గుడ్లలోని పిండాలు చచ్చిపోయాయి, నిండా క్రిములు. వాటి మీద ఫిలడెల్ఫియా రోగుల రక్తరసం వేసి చూస్తే, కోలుకుంటున్నవాళ్ళ రక్తంలోని ప్రతిరక్షకాలు ఆ క్రిములకే అతుక్కున్నాయి. తన పైఅధికారి చార్లెస్ షెపర్డ్‌తో కలిసి మళ్ళీ మళ్ళీ సరిచూసుకుని, జనవరి 18న లోకానికి చెప్పారు. అంతవరకు శాస్త్రానికి తెలియని బ్యాక్టీరియా. 1979లో లీజియొనెల్లా న్యూమోఫిలా అని పేరు పెట్టారు. చనిపోయిన మాజీ సైనికుల పేరు ఆ విధంగా ఒక క్రిమికి నిలిచిపోయింది.

కొత్త క్రిమి అన్నారు గానీ, అది మనకు కొత్త. సీడీసీ ఫ్రీజర్లలో ఏళ్ళ తరబడి దాచిన, కారణం తేలని పాత రోగాల రక్తరసాల్ని బయటకు తీశారు. 1965లో వాషింగ్టన్‌లోని సెయింట్ ఎలిజబెత్స్ ఆసుపత్రిలో 81 మందికి వచ్చిన న్యుమోనియా ఇదే. 1968లో మిషిగన్ రాష్ట్రం పాంటియాక్‌లో ఆరోగ్యశాఖ భవనంలో 144 మందికి వచ్చిన జ్వరం కూడా ఈ క్రిమి పనే. అక్కడ మాత్రం ఎవరూ చావలేదు. 1947లో ఒక గినీ పంది నుంచి తీసి, ఏమిటో తెలియక భద్రపరిచిన క్రిమి కూడా ఇదేనని తేలింది.

ఆ తవ్వకంలోనే అన్నింటికన్నా చేదు సంగతి బయటపడింది. 1974 సెప్టెంబరులో ఆడ్ ఫెలోస్ అనే సంఘం సభ్యులు ఫిలడెల్ఫియాలో సభ పెట్టుకున్నారు. వాళ్ళలో ఇరవై మందికి న్యుమోనియా వచ్చింది, ఇద్దరు చనిపోయారు. సభ జరిగింది బెల్‌వ్యూ స్ట్రాట్‌ఫర్డ్‌లో. వాళ్ళ రక్తమూ అదే చెప్పింది. లీజియన్ సభకు రెండేళ్ళ ముందే మృత్యువు ఆ ఇంట్లో ఒకసారి తిరిగి వెళ్ళింది. ఇద్దరు కదా, ఎవరూ గమనించలేదు. కాబట్టి మహారాణి పూర్తిగా నిర్దోషి అనలేను. పుకార్లు ఆవిడకు అంటగట్టిన విషం అబద్ధం. ఆవిడ నెత్తి మీద ఉన్న నీళ్ళ తొట్టె మాత్రం, తీరా చూస్తే, నిజమే అయ్యుండాలి.

ఆ తొట్టె సంగతి చెప్పాలి. పెద్ద భవనాల ఏసీ యంత్రం లోపలి వేడిని నీళ్ళకు ఎక్కించి, ఆ నీళ్ళను పైకప్పు మీది కూలింగ్ టవర్‌లోకి పంపుతుంది. అక్కడ నీళ్ళు జల్లుగా పడతాయి, ఫ్యాన్లు గాలి లాగుతాయి, నీళ్ళు చల్లబడి మళ్ళీ కిందికి వస్తాయి. కంటికి కనబడని తుంపరలు కొన్ని గాలితోపాటు బయటకు పోతాయి. గోరువెచ్చటి నీళ్ళు, పాచి, తుప్పు, బురద ఉన్నచోట లీజియొనెల్లా బాగా పెరుగుతుంది. అది ఉండేది నీటిలోని అమీబాల పొట్టలో. అమీబా దాన్ని ఆహారమనుకుని మింగుతుంది. ఇది లోపల చేరి, తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టి, అమీబానే చంపి బయటకు వస్తుంది. మన ఊపిరితిత్తుల్లో క్రిముల్ని మింగి చంపే కాపలా కణాలు ఉంటాయి. ఈ క్రిమికి వాటికీ అమీబాకూ తేడా తెలియదు. మనల్ని కాపాడాల్సిన కణంలోనే పిల్లలు పెడుతుంది. పెన్సిలిన్ జాతి మందులు అక్కడ పనిచెయ్యవు. ఎరిత్రోమైసిన్, టెట్రాసైక్లిన్ దొరికిన రోగులు ఎక్కువగా బతికారని ఫిలడెల్ఫియా కేసు పత్రాలు తిరగేస్తే తెలిసింది. మందు ఆసుపత్రి అరలోనే ఉంది, ఎవరికి ఇవ్వాలో తెలియలేదు. బెల్‌వ్యూ టవర్‌లో ఆ క్రిమి ఉందని ప్రయోగశాలలో రుజువు కాలేదు. వెతకాల్సింది ఏమిటో తెలిసేసరికి చాలా ఆలస్యమైంది. అనుమానం మాత్రం ఇప్పటికీ దాని మీదే.

హోటలు 1979లో కొత్త యజమానుల చేతిలో, ఫెయిర్‌మాంట్ అన్న కొత్త పేరుతో తెరుచుకుంది. తర్వాత మళ్ళీ మూతపడి, మళ్ళీ మారి, పై అంతస్తుల్లో హోటలు, కింద దుకాణాలు, కార్యాలయాలుగా మిగిలింది. కట్టడం నిలిచింది. వెయ్యి గదుల వైభవం మాత్రం తిరిగి రాలేదు.

జబ్బు కూడా ఫిలడెల్ఫియాతో ఆగలేదు. 2015 వేసవిలో న్యూయార్కు సౌత్ బ్రాంక్స్‌లో 138 మంది జబ్బుపడ్డారు, 16 మంది చనిపోయారు. మూలం ఆపెరా హౌస్ హోటలు పైకప్పు మీది కూలింగ్ టవర్. ముప్పై తొమ్మిదేళ్ళ తర్వాత మళ్ళీ హోటలే, మళ్ళీ పైకప్పే. క్రిమి పేరు తెలుసు, అలవాట్లు తెలుసు, మందు తెలుసు. ఆ తర్వాత గానీ నగరంలోని ప్రతి కూలింగ్ టవర్‌నూ నమోదు చేయించి, క్రమం తప్పకుండా పరీక్షించాలన్న చట్టం రాలేదు. ఫిలడెల్ఫియాలో తెలియక చచ్చారు. బ్రాంక్స్‌లో తెలిసీ చూడనందుకు చచ్చారు. రెండోది నేను క్షమించలేను.

హైదరాబాదులో, విశాఖలో, విజయవాడలో కార్పొరేట్ ఆసుపత్రుల మీద, మాల్స్ మీద, ఐటీ భవనాల మీద అవే కూలింగ్ టవర్లు తిరుగుతున్నాయి. మన వాతావరణం ఈ క్రిమికి ఏడాది పొడవునా అనువైనదే. న్యుమోనియాతో వచ్చిన పెద్దవయసు మనిషికి, పొగతాగే మనిషికి మూత్ర పరీక్షతో దీన్ని కొంతవరకు పట్టుకోవచ్చు. ఆ పరీక్ష రాయాలన్న ఆలోచన డాక్టరుకు రావాలి. ఇది చదివేవాళ్ళలో ఆసుపత్రి, హోటలు, మాల్ నడిపేవాళ్ళుంటే ఒక్క మనవి. మీ పైకప్పు మీది కూలింగ్ టవర్‌ను చివరిసారి ఎప్పుడు కడిగించారో, నీటిని ఎప్పుడు పరీక్ష చేయించారో, రిజిస్టరు తెప్పించుకుని ఇవాళే చూడండి. అలాంటి రిజిస్టరే లేకపోతే, రేపు మొదలుపెట్టండి.